నిమ్మకాయ కోసిన చేతులు

నిమ్మకాయ కోయమన్నాడు ప్రేమ్‌కుమార్. చేతిలో నిమ్మకాయ లేదు, కత్తీ లేదు. టెక్కలి కల్యాణమండపంలో ప్లాస్టిక్ కుర్చీల్లో కళ్ళు మూసుకుని కూర్చున్న నలభై మందీ లేని కాయని లేని కత్తితో రెండు ముక్కలు చేశారు.

"పచ్చటి కాయ. తొక్క మీ వేళ్ళకి నున్నగా తగులుతోంది. కోశారు. రసం మీ వేళ్ళ మీద నుంచి కారుతోంది. ఇప్పుడు సగం ముక్క నోటి దగ్గరికి తెచ్చుకోండి. నాలిక మీద పిండండి. ఇంకా పిండండి..."

గౌరీశ్వరికి నోరూరిపోయింది. గుటక వేసింది. ఆ చప్పుడు పక్క కుర్చీలో ఉన్న బీమా ఏజెంటుకి వినిపించిందేమోనని సిగ్గుపడి కళ్ళు తెరిచింది. ఎవరికీ వినిపించలేదు. ఎవరి గుటకలు వాళ్ళు వేస్తున్నారు.

"నోట్లో నీళ్ళు ఎవరికి ఊరాయి?" అనడిగాడు ప్రేమ్‌కుమార్.

అందరికన్నా ముందు గౌరీశ్వరి చెయ్యెత్తింది. మూడు రోజుల్లో ఆమె చెయ్యెత్తడం అదే మొదటిసారి.

"చూశారా? నిమ్మకాయ లేదు. మాట ఒక్కటే ఉంది. మాట మనసులోకి వెళ్ళింది, మనసు నరాలకి చెప్పింది, నరాలు నోటికి చెప్పాయి. న్యూరో అంటే నరాలు. లింగ్విస్టిక్ అంటే భాష. భాషతో నరాలకి కొత్త అలవాటు నేర్పడమే ప్రోగ్రామింగ్. ఎన్నెల్పీ అంటే ఇంతే, బ్రహ్మవిద్యేం కాదు."

ఆ మాటలు గౌరీశ్వరి పొడుగు నోటుబుక్కులో రాసుకుంది. శుక్రవారం నుంచి రాస్తూనే ఉంది. ఏడో తరగతితో బడి మానేశాక ఆమె ఇంత రాసింది ఇప్పుడే. మొదటి రోజు పేజీల్లో, 'సమస్య' అనకూడదు, 'అవకాశం' అనాలి అని ఉంది. రెండో రోజు పేజీల్లో, ఎదుటి మనిషి మన మాట వినాలంటే ముందు వాళ్ళు కూర్చున్నట్టే కూర్చోవాలి, వాళ్ళు ఊపిరి పీల్చినట్టే పీల్చాలి, కాసేపు వాళ్ళ దారిన నడిచి ఆ తరవాత మన దారికి తిప్పుకోవాలి అని ఉంది. దాని కింద రెండు గీతలు గీసింది. ఆమె వచ్చిన పని అదే మరి.

పలాసలో సన్యాసిరావు గారి జీడి ఫ్యాక్టరీలో కటింగు షెడ్డుకి గౌరీశ్వరి సూపర్‌వైజరు. ఆ షెడ్డులో అరవై మంది ఆడవాళ్ళు ఉడికిన జీడిపిక్కల్ని మెషీన్ మీద కోసి, పెంకు విడదీసి పప్పు తీస్తారు. పెంకులోంచి కారే రసం తగిలితే తోలు కాలుతుంది. అందుకని పనికి ముందు చేతులు ఆముదంలో ముంచుకోవడం మొదట్నుంచీ ఉన్న పద్ధతి. ఇరవై రోజుల కిందట, పప్పుకి నూనె మరకలున్నాయని బొంబాయి నుంచి కొంత సరుకు వెనక్కి వచ్చింది. ఆ మర్నాటి నుంచి షెడ్డులోకి ఆముదం డబ్బా రావడం మానేసింది. బదులుగా రబ్బరు తొడుగులు వచ్చాయి. తొడుగులేసుకుంటే పప్పు చేతికి చిక్కదు, పిక్క జారిపోతుంది. రెండో రోజుకే వేళ్ళ దగ్గర చిరుగుతాయి. ఆడవాళ్ళు వాటిని గోడ మేకులకి తగిలించి వట్టి చేతులతోనే కోస్తున్నారు. రోజూ పొద్దున్నే ఆముదం అడుగుతున్నారు. గౌరీశ్వరి రోజూ "రేపు సూద్దాం" అంటోంది.

"మంట సేతిలో కాదు, మనసులో ఉంటాది గౌరీశ్వరీ" అన్నారు సన్యాసిరావు గారు ఆమెని టెక్కలి పంపిస్తూ. "వైజాగు నుంచి ఒకాయనొస్తన్నాడు. మనసుల్ని తిప్పడం నేర్పుతాడట. నువ్వెల్లి నేర్చుకొనొచ్చీ. షెడ్డులో మళ్ళీ ఆముదం మాట వినబడకూడదు. అది సెయ్యి, ప్యాకింగు గదికి నిన్నే ఇంచార్జిగా యేస్తాను."

ప్యాకింగు గదిలో ఫ్యాను ఉంది. కుర్చీ ఉంది. పొగ రాదు, వాసన రాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా షెడ్డులో నిలబడి నిలబడి గౌరీశ్వరి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ కుర్చీ మీద ఆమెకి ఆశ ఉంది. ఉందని ఒప్పుకోవడానికి ఆమెకి సిగ్గు కూడా లేదు. నలభై మూడేళ్ళకి ఒక ఫ్యాను కింద కూర్చోవాలనుకోవడం తప్పెలా అవుతుంది?

టీ తాగాక ప్రేమ్‌కుమార్ ఇంకొకటి చెప్పాడు. జీవితంలో బాగా సంతోషపడిన ఒక్క ఘడియ తలుచుకోవాలి. అది పూర్తిగా కళ్ళ ముందుకి వచ్చినప్పుడు కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ గట్టిగా నొక్కి పట్టాలి. అలా అలవాటు చేసుకుంటే ఆ తరవాత ఎంత కష్టంలో ఉన్నా ఆ రెండు వేళ్ళూ నొక్కితే చాలు, ఆ సంతోషం తిరిగొస్తుంది. దీన్ని యాంకర్ అంటారు, పడవకి లంగరులాంటిది అన్నాడు.

గౌరీశ్వరి వెతికింది. పెళ్ళి తలుచుకుంది, కానీ ఆ రోజు వానలో పందిరి పడిపోయిన గోలే గుర్తొచ్చింది. చివరికి ఎక్కణ్ణుంచో ఒక మధ్యాహ్నం వచ్చింది. పన్నెండేళ్ళు మెషీన్ మీద పనిచేసి సూపర్‌వైజరైన ఏడాది అది. కొత్తావకాయ వేసుకుని వేడి వేడి అన్నం అయిదు వేళ్ళతో కలుపుకుని తింది. వేళ్ళు మండలేదు. ఎర్రటి నూనె అరచేతిలోకి కారుతుంటే నాకింది. కంచం ముందు కూర్చుని ఏడ్చినంత పని చేసింది ఆ రోజు. ఇప్పుడూ కళ్ళు తడయ్యాయి. రెండు వేళ్ళూ నొక్కి పట్టింది.

"మీరేం తలుచుకున్నారండీ?" అనడిగాడు బీమా ఏజెంటు.

తిండి సంగతి చెప్పడం నామోషీ అనిపించి, "పెళ్ళి" అంది.

సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పైడిరాజు వీధి అరుగు మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. కంచిలి తోటల్లో కొబ్బరికాయలు లారీలకెత్తడం అతని పని. అతని మీదే మొదట ప్రయత్నం చేసింది. కళ్ళు మూసుకోమని, నిమ్మకాయ కోయించి, నాలిక మీద పిండించింది.

"ఓసి నీ తస్సాదియ్యా, నోరూరిపోతంది!" అన్నాడు పైడిరాజు. "ఏదే కాయి? రెండు మిరగాయలు కాల్చి కారం నూరీ."

"కాయా నేదు ఏటీ నేదు. ఒట్టి మాటే."

"మరెందుకే ఊరించినావు? మూడ్రోజులు పోయి నేర్చుకున్నదిదేటి?"

నవ్వుకున్నారు. విద్య పనిచేస్తోందని గౌరీశ్వరికి ధైర్యం వచ్చింది. రేపు దీంతోనే మొదలుపెడదామనుకుంది.

కటింగు షెడ్డు గుమ్మం దగ్గర దూలానికి ఒక రైలు పట్టా ముక్క వేలాడుతూ ఉంటుంది. ఎనిమిదింటికి ఇనపకడ్డీతో దాన్ని కొట్టేది గౌరీశ్వరి. అది మోగకుండా మెషీన్ మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఇది యజమాని పెట్టిన నియమం కాదు. తూకానికి పని కాబట్టి ఎవరూ ముందుగా మొదలుపెట్టి నాలుగు పిక్కలు ఎక్కువ కోసుకోకూడదని ఆడవాళ్ళు తమలో తాము పెట్టుకున్నది. అందరూ కూర్చోవాలి, గంట పడాలి, అందరూ ఒక్కసారి మొదలెట్టాలి. ఒకత్తీ తొందరపడి ముందు చెయ్యి వేసిందా, మిగతావాళ్ళు వారం రోజులు దాన్ని పలకరించరు. మధ్యాహ్నం దాని డబ్బాలో కూర వెయ్యరు. ఏళ్ళుగా ఆ షెడ్డులో ఇంతకన్నా గట్టి చట్టం లేదు.

సోమవారం గంటకి పావుగంట ముందే గౌరీశ్వరి అందర్నీ కూర్చోబెట్టింది.

"ఏటే గౌరే, పంతులమ్మలాగ పుస్తకం పట్టుకొని నిలబడ్డావు?" అంది జోగమ్మ. షెడ్డులో మొదటి మెషీన్ ఆవిడదే. అరవై దాటాయి. గౌరీశ్వరికి పిక్క పట్టుకోవడం నేర్పింది ఆవిడే.

"ఆటనుకో పిన్నీ. కళ్ళు మూసుకోండమ్మా అందరూ."

"కళ్ళు మూసుకుంటే ఆముదం వొస్తాదేటి గౌరమ్మ గారూ?" అంది వెనక వరసలోంచి కమలకుమారి. ఆ పిల్ల పనిలో చేరి రెండేళ్ళయింది. నోరు ఊరుకోదు. నలుగురు కిసుక్కుమన్నారు. అయినా కళ్ళు మూసుకున్నారు.

గౌరీశ్వరి గొంతు సవరించుకుంది. ప్రేమ్‌కుమార్ ఎంత నెమ్మదిగా చెప్పాడో అంత నెమ్మదిగా, తన భాషలోకి మార్చుకుని చెప్పింది. "సేతిలో నిమ్మకాయుంది. పచ్చగా నిగనిగలాడతంది. కత్తెట్టి కోసినారు. రసం యేళ్ళ మీంచి కారతంది..."

గొంతుల వైపు చూస్తోంది ఆమె, గుటకల కోసం. ఒక్క గొంతూ కదల్లేదు. ఒళ్ళో పెట్టుకున్న జోగమ్మ కుడిచెయ్యి మెల్లగా ముడుచుకుంది. పక్కనున్నావిడ రెండు చేతులూ చంకల్లోకి దోపుకుంది. కమలకుమారి వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటోంది. వరస వెంట వరస, అరవై మంది పిడికిళ్ళు మూసుకున్నాయి. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి కాబట్టి ఒకర్ని చూసి ఒకరు చేసింది కాదు.

"ఆపీయే తల్లీ, ఆపీ. మండుతంది" అంది జోగమ్మ కళ్ళు తెరవకుండానే.

ఎవరో నవ్వారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"నిమ్మకాయ ముట్టుకొని ఇరవై రోజులైపోనాదండి" అంది కమలకుమారి. ఈసారి ఆ పిల్ల గొంతులో వెటకారం లేదు. "కారం నేదు, పులుసు నేదు. సెమ్చాతో గంజన్నం తాగుతన్నాం."

గౌరీశ్వరి తన చెయ్యి చూసుకుంది. వేళ్ళు హాయిగా విప్పుకుని నోటుబుక్కు పట్టుకుని ఉన్నాయి. నోట్లో నీళ్ళు ఊరి ఉన్నాయి. వాళ్ళకి చెబుతూ చెబుతూ మళ్ళీ తనకే ఊరాయి. ఆ నీళ్ళు మింగడానికి ఆమెకి సిగ్గేసింది. వెళ్ళి గంట కొట్టింది.

మధ్యాహ్నం ఎప్పట్లా ఆఫీసు వసారాలోకి వెళ్ళకుండా షెడ్డు వెనక తినేవాళ్ళ మధ్య నుంచి నడిచింది. డబ్బాల్లోకి చూసింది. పెరుగన్నం, గంజన్నం, చప్పిడి పప్పన్నం. ప్రతి డబ్బాలో ఒక చెంచా. ఒక్కత్తి కూడా చేత్తో తినడం లేదు. ఆముదం ఉన్నా తన వేళ్ళు పన్నెండేళ్ళూ కారానికి చురుక్కుమంటూనే ఉండేవి. ఆవకాయ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది అందుకే. నిన్న టెక్కలిలో అదే తలుచుకుని, అది ఎందుకంత సంతోషమైందో తనని తాను అడగనైనా అడగలేదు. చేతిలో ఉన్న తన డబ్బాలో మాగాయ ముక్క ఉంది. మూత తియ్యకుండానే సంచీలో పెట్టేసుకుంది.

సన్యాసిరావు గారు ఆఫీసులో పళ్ళెం నిండా పప్పు పోసుకుని గుండు పప్పు ఒక పక్కకీ బద్దలు ఒక పక్కకీ జరుపుతున్నారు.

"ఆముదం ఇప్పించండి బాబూ" అంది గౌరీశ్వరి.

ఆయన తలెత్తలేదు. "మూడ్రోజులు పంపింది ఇది అడగడానికేటి?"

"నేర్చుకున్నది సేసి సూసేనండి. నిమ్మకాయ అనీసరికి ఆల్లకి నోరూరలేదండి. సేతులు మండినాయండి."

"నిమ్మకాయ ఉందా ఆల్ల సేతిలో?"

"నేదండి."

"మరి నేని నిమ్మకాయకి మంటెలాగ పుట్టింది?" అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నానేటి సెప్పినాను? మంట మనసులో ఉందన్నానా నేదా? నువ్వే రుజువు తెచ్చినావు. ఎల్లుండి ప్రేమ్‌కుమార్ గారు ఇచ్ఛాపురం ఎల్తా మన దగ్గరాగుతారు. ఆయన ముందర సేయించు. ఆల్ల మంట ఆయనే తిప్పుతాడు." ప్యాకింగు గది తాళంచెవి బల్ల మీదే ఉంది. దాన్ని వేలితో కొంచెం ఆమె వైపు జరిపారు.

గౌరీశ్వరికి ఆయన చెప్పింది తప్పని తెలుసు, ఎక్కడ తప్పో తెలియదు. నోటుబుక్కులో నలభై పేజీలున్నాయి. ఆ ప్రశ్నకి జవాబు ఒక్క పేజీలోనూ లేదు. తాళంచెవి ముట్టుకోకుండా బయటికి వచ్చింది. బాగా అలిసిపోయింది.

మంగళవారం గంట కొట్టాక కడ్డీ గోడకి ఆనించి, కొంగు నడుముకి దోపుకుని, జోగమ్మ పక్క మెషీన్ ముందు కూర్చుంది. చెయ్యి వాచిపోయి ఆ మెషీన్ మనిషి ఆ రోజు రాలేదు.

"ఇదేటే?" అంది జోగమ్మ.

"నువ్వు కూకున్నట్టు కూకోమన్నారు పిన్నీ. రాసుకున్నాను."

"ఎవులో గానీ మంచోడే. తొడుగులేసుకో."

"నువ్వేసుకున్నావేటి?"

జోగమ్మ పిక్క తీసుకుని మెషీన్ నోట్లో పెట్టి, కాలితో తొక్కి, పిడి తిప్పింది. పెంకు రెండుగా విచ్చుకుంది. సూదిమొనతో పప్పు కదిపి తీసింది. గౌరీశ్వరి ఆవిడ తొక్కినప్పుడే తొక్కింది, ఆవిడ తిప్పినప్పుడే తిప్పింది. మొదట పది పప్పులు విరిగాయి. తరవాత చేతులకి పాత పని గుర్తొచ్చింది. గుండు పప్పు గుండుగానే రావడం మొదలైంది. జోగమ్మ పిడి లాగేటప్పుడు ఊపిరి బిగబట్టి, పప్పు రాలినప్పుడు వదులుతుంది. గౌరీశ్వరి కూడా అలాగే బిగబట్టి, అలాగే వదిలింది. ఇలా నడిచి నడిచి తరవాత ఆవిడని తన దారికి తిప్పుకోవాలి, పుస్తకం ప్రకారం.

పది గంటలకి వేళ్ళ కొసలు గోధుమరంగయ్యాయి. పదకొండింటికి గోళ్ళ చుట్టూ చురచుర మొదలైంది. మధ్యాహ్నానికి చూపుడువేలి కణుపు దగ్గర తోలు ముడత పడి లేచింది. ముఖం మీద చెమట తుడుచుకుంటే కనుబొమ్మ కూడా మండింది. లేచి వెళ్ళిపోవచ్చు తను. ఎవరూ ఆపరు. సూపర్‌వైజరు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా పక్కన జోగమ్మ ఇంకో పిక్క తీసుకునేది. గౌరీశ్వరీ తీసుకునేది.

మూడింటికి ఓర్చుకోలేక యాంకర్ గుర్తు తెచ్చుకుంది. ఆవకాయ అన్నం తలుచుకుని బొటనవేలూ చూపుడువేలూ నొక్కింది. నొక్కగానే ప్రాణం జివ్వుమంది. ఆవకాయా రాలేదు, అన్నమూ రాలేదు.

"ఏటే, అలగ నొక్కుకుంటన్నావు?"

"ఇలగ నొక్కితే సంతోసం వొస్తాదట పిన్నీ."

"వొచ్చిందా?"

"నేదు."

జోగమ్మ పెద్దగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పైట చెంగుతో కళ్ళు తుడుచుకోబోయి, చేతులు గుర్తొచ్చి ఆగిపోయింది. మోచేత్తో తుడుచుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో పైడిరాజు ఆమె చేతులు చూశాడు. తనే అన్నం పెట్టి, పెరుగు పోసి కలిపి, చెంచా కడిగి తెచ్చాడు. రెండు ముద్దలు తిన్నాక అడిగాడు.

"ప్యాకింగు గది మాటేటైంది?"

"ఆ గదిలో ఫ్యానుంది."

"ఉంటాది. ఫ్యాను తిరుగుతా ఉంటాది. నీకు నిద్దర పడతాదా దాని కింద?"

"నాకు మోకాళ్ళు నొప్పెడతన్నాయి మావా" అంది గౌరీశ్వరి.

"మోకాళ్ళు నీయే, సేతులూ నీయే. నానేటి సెప్తాను? నాలుగు ముద్దలు తిను ముందు."

బుధవారం పొద్దున్న ఏడున్నరకి ప్రేమ్‌కుమార్ సన్యాసిరావు గారి కారులోంచి దిగాడు. భుజాన బరువు సంచీ ఉంది, కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. టెక్కలి వేదిక మీద కన్నా చిన్న మనిషిలా కనిపించాడు. తొమ్మిదిన్నరకి రైలుందన్నాడు. షెడ్డులో ఎదురుగా నిన్న ఉడికించి ఆరబెట్టిన పిక్కలు గుట్టగా పోసి ఉన్నాయి. అవి ఇవాళే కోయాలి, రేపటికి ఉంచితే పప్పుకి మచ్చలు పడతాయి. బాయిలర్ దగ్గర తవిటయ్య అప్పుడే తరవాతి వాయికి పిక్కలు పోస్తున్నాడు.

"నమస్తే అమ్మా! అందరూ హాయిగా కూర్చోండి. ఒక చిన్న ఆట ఆడుకుందాం" అన్నాడు ప్రేమ్‌కుమార్. ఎంత అలసటగా ఉన్నా గొంతు మాత్రం తీయగానే ఉంది.

గౌరీశ్వరి జోగమ్మ పక్కన నేల మీద కూర్చుని అందరితోపాటు కళ్ళు మూసుకుంది. ఏం వస్తుందో ఆమెకి తెలుసు. కాయ, తొక్క, కత్తి. రసం అనే మాట కోసం ఎదురుచూసింది. ఆ మాట రాకముందే, కత్తి అన్నప్పుడే, ఒళ్ళో చెయ్యి తనంతట తాను మూసుకుంది. ఆపుదామని చూసింది. చెయ్యి ఆగలేదు.

ప్రేమ్‌కుమార్ గొంతు మధ్యలో ఆగింది. ఆమె కళ్ళు తెరిచింది. అతను అరవై పిడికిళ్ళ వైపు చూస్తున్నాడు.

"గౌరీశ్వరి గారూ, టెక్కలిలో అందరికన్నా ముందు చెయ్యెత్తింది మీరు. నోట్లో నీళ్ళు ఊరాయా ఇప్పుడు?"

"నేదండి."

"ఆ రోజు ఊరాయి కదా?"

"ఆ రోజు నా సేతులు బాగున్నాయండి" అని ఆమె పిడికిలి విప్పింది.

అతను వంగి చూశాడు. తరవాత జోగమ్మ ముందు గొంతుక్కూర్చుని, "చూడొచ్చా అమ్మా?" అన్నాడు. జోగమ్మ చేతులు చాపింది. నల్లబడి, పొరలు పొరలుగా లేచిన తోలు. వేళ్ళ కొసల్లో గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. చాలాసేపు చూశాడు ప్రేమ్‌కుమార్. లేచి సంచీ భుజాన వేసుకున్నాడు.

"సార్, భయానికి చెప్పగలను, సిగ్గుకి చెప్పగలను. దీనికి నా దగ్గర క్లాసు లేదు. నన్ను స్టేషన్‌లో దింపించండి" అన్నాడు.

"అంతేటండీ? సరేలెండి" అని సన్యాసిరావు గారు నవ్వబోయారు, నవ్వు సరిగ్గా రాలేదు. "గౌరీశ్వరీ, ఎనిమిదైపోనాది. గంట కొట్టు."

గౌరీశ్వరి లేచింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. గోడకున్న కడ్డీ తీసుకుని పట్టా దగ్గర నిలబడింది. చల్లటి ఇనుము వేళ్ళకి హాయిగా ఉంది. కడ్డీ ఎత్తలేదు.

"కొట్టవేటి?"

"ఆముదం రాలేదండి."

ఆమె గట్టిగా అనలేదు. పొద్దున్నే పిక్కలు రాలేదని, నీళ్ళు రాలేదని చెప్పినట్టే చెప్పింది. షెడ్డులో ఉన్నవాళ్ళందరికీ వినిపించింది.

"ఒరే తవిటయ్యా, నువ్వొచ్చి కొట్టరా!"

"బాయిలర్ ఒగ్గీసి రాకూడదని తమరే సెప్పినారు గదా బాబూ" అన్నాడు తవిటయ్య అటు తిరిగే, ఇంకో బుట్ట పోస్తూ.

సన్యాసిరావు గారే వచ్చి ఆమె చేతిలోంచి కడ్డీ తీసుకుని పట్టా మీద బలంగా కొట్టారు. షెడ్డంతా మోగింది. మోగి మోగి ఆగిపోయింది. అరవై మంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గంట పడింది. కానీ అందరూ ఒక్కసారి మొదలెట్టాలి, ఒకత్తీ ముందు చెయ్యి వెయ్యకూడదు. ఆ మొదటి చెయ్యి ఎవరిది అవుతుందా అని అందరూ చూస్తున్నారు. జోగమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మెషీన్లు కదల్లేదు.

ఆయన మళ్ళీ కొట్టారు. "కూర్చోండి. కూర్చోండి ఇలాగే. రేపట్నుంచి కొత్త మనుషుల్ని తెస్తాను" అని ఆఫీసులోకి వెళ్ళిపోయారు. ప్రేమ్‌కుమార్ గేటు దగ్గర కారు కోసం నిలబడి షెడ్డు వైపే చూస్తూ ఉండిపోయాడు. వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపాడు. ఎవరికి ఊపాడో తెలియదు.

ఎనిమిదిన్నర అయింది. గౌరీశ్వరి నిలబడే ఉంది. భయంగా ఉంది ఆమెకి. పైడిరాజుకి ఏం చెప్పాలో ఆలోచించింది. కొత్త మనుషుల్ని తెస్తారా? తెచ్చినా వాళ్ళవీ చేతులే కదా. తొమ్మిది దాటింది. పిక్కల గుట్ట అలాగే ఉంది.

తొమ్మిదింబావుకి గుమాస్తా సుమన్ సైకిలు గేట్లోంచి వచ్చింది. వెనక క్యారేజీకి కట్టి ఆముదం డబ్బా ఉంది. దాని వెనకే సన్యాసిరావు గారు వచ్చారు.

"పప్పు మీద ఒక్క మరక కనబడిందో, నీదే పూచీ."

"నాదే పూచీనండి. ఎడం సేతికే నూనె. పప్పు ముట్టే సేతికి నూనె అంటకుండా బూడిదే రాసుకుంటాం. నేను సూసుకుంటాను."

"ప్యాకింగు గది సంగతి మర్చిపో."

"అలాగేనండి" అంది గౌరీశ్వరి. ఆ మాట అన్నప్పుడు మోకాళ్ళు ఒక్కసారి గట్టిగా సలిపాయి. ఆయనకి కనబడకుండా గోడకి ఆనుకుంది.

డబ్బా మూత తీసి బేసిన్‌లో ఆముదం పోశారు. జోగమ్మ ముందు ముంచింది. చిక్కటి నూనెలో ఎడమచెయ్యి మణికట్టు దాకా దింపి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి వదిలింది. తరవాత వరసగా అందరూ వచ్చారు. కమలకుమారి కూడా ఏమీ మాట్లాడకుండా ముంచుకుని వెళ్ళింది. అందరి తరవాత గౌరీశ్వరి ముంచింది. ముందు చురుక్కుమంది, ఆ తరవాత చల్లబడింది. చెయ్యి తుడుచుకుని కడ్డీ అందుకుని గంట కొట్టింది. అరవై మెషీన్లు ఒక్కసారి కదిలాయి.

మధ్యాహ్నం షెడ్డు వెనక జోగమ్మ పక్కన చతికిలబడింది.

"ఏటి తెచ్చినావే డబ్బాలో?"

"పెరుగన్నం పిన్నీ."

"మరి సెమ్చా?"

గౌరీశ్వరి సంచీ వెతికింది. తేవడం మర్చిపోయింది. జోగమ్మ తను తింటున్న చెంచా నీళ్ళతో కడిగి, చెంగుతో తుడిచి, ఆమె డబ్బాలో పెట్టింది.